గుర్తుపెట్టుకునే పని ఎవరిది?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇది. వయసు 43, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనే ఉద్యోగం. నెల కిందట చేయించుకున్న రక్తపరీక్షలో, గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, బీపీ 136/86. తండ్రికి షుగర్ ఉంది. డాక్టర్ మందులేమీ రాయలేదు. బరువు తగ్గించుకుని మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

ఒళ్ళు తగ్గించే ప్రయత్నాలు ఇంతకుముందు మూడు జరిగాయి. మొదటిసారి కొత్త సంవత్సరం రోజున రోజుకు ఐదు కిలోమీటర్ల పరుగు మొదలుపెట్టారు. తొమ్మిదో రోజుకు కుడి మోకాలు వాచింది, ఆగిపోయారు. రెండోసారి జిమ్‌కు ఏడాది డబ్బు కట్టారు. రోజూ వచ్చి బండెక్కించుకుపోయే స్నేహితుడికి షిఫ్టు మారడంతో రెండు నెలలకే మానేశారు. మూడోసారి ఆన్‌లైన్ కోచ్ ఒకరు రోజుకు 1200 క్యాలరీల డైట్ ఇచ్చారు. ఐదు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాక పది రోజులు ముల్లు కదల్లేదు. విసుగొచ్చి వదిలేశారు. కోచ్ కూడా మెసేజ్‌లు పెట్టడం మానేశాడు. పోయిన నాలుగు కిలోలు ఆరై తిరిగొచ్చాయి.

ఇంట్లో అయిదుగురికి వంట భార్యే చేస్తారు. ఒకసారి ఆవిడ నూనె తగ్గించి వండితే రుచి లేదని కంచం పక్కకు నెట్టింది ఈయనే. రిపోర్టు వచ్చిన రోజున ‘నువ్వు ముందే గట్టిగా చెప్పుండాల్సింది’ అన్నారు. ‘మీ ఒంటికి కూడా నేనే కాపలా కాయాలా?’ అని ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. అసలు ప్రశ్న ఆయన మాటల్లోనే: ‘నాకు తెలియనిదేం లేదు. వదలకుండా వెంటపడే మనిషి ఒకరు కావాలి, అంతే. డబ్బిచ్చి అలాంటివాళ్ళను పెట్టుకోవాలా, లేక మా ఆవిడనే ఎలాగో ఒప్పించాలా?’ ఉత్తరం అడుగున ఇంకో చిన్న ప్రశ్న: ఏ స్మార్ట్‌వాచ్ కొనాలి?

* * *

మూడుసార్లూ పరిగెత్తింది మీరే, బరువులెత్తింది మీరే, ఆకలికి ఓర్చుకున్నదీ మీరే. మీరు బద్ధకస్తులు కారు. అయితే ఒక్క పని మాత్రం ప్రతిసారీ వేరేవాళ్ళ చేతిలో పెట్టారు: గుర్తుపెట్టుకోవడం. పొద్దున్నే కదిలించాల్సింది స్నేహితుడు, లెక్క చూడాల్సింది కోచ్, రక్తపరీక్ష ఎప్పుడో తలుచుకోవాల్సింది మీ ఆవిడ. వాళ్ళలో ఎవరు పక్కకు తప్పుకున్నా మీ వ్యాయామం కూడా వాళ్ళతోనే వెళ్ళిపోయింది. ఈ పని పైకి కనబడదు కాబట్టి దాని బరువు మీకు తెలియలేదు. మోసేవాళ్ళకు తెలుసు. కాపలా అన్న మాట ఆవిడ నోట ఊరికే రాలేదు.

‘నాకు తెలియనిదేం లేదు’ అన్నారు చూశారా, అక్కడ మీతో ఏకీభవించలేను. రెండో ప్రయత్నం మనిషి లేక ఆగింది, సరే. మొదటిదీ మూడోదీ లెక్క తప్పి ఆగాయి. ఎంత గట్టిగా వెంటపడేవాళ్ళున్నా అవి ఆగిపోయేవే.

పరుగు సంగతి చూడండి. ఏళ్ళ తరబడి కూర్చున్న ఒంటితో ఒక్కసారిగా రోజుకు ఐదు కిలోమీటర్లు. పరుగులో అడుగు పడ్డ ప్రతిసారీ మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. కొత్త శ్రమకు గుండె, ఊపిరి కొద్ది వారాల్లోనే అలవాటుపడతాయి. కండ వాటి వెనక వస్తుంది. కండను ఎముకకు కట్టిపెట్టే స్నాయువులకు నెలలు కావాలి. అందుకే ఆరో రోజున మీకు ‘ఊపిరి బాగానే ఆడుతోంది, ఇంకా పరిగెత్తొచ్చు’ అనిపించి ఉంటుంది. ఆ ధైర్యమే మోకాలిని ముంచింది. పైగా విశ్రాంతి రోజు ఒక్కటీ లేదు.

ఇక 1200 క్యాలరీలు. మీ ఎత్తు, బరువు, వయసుకు రోజంతా మంచం మీద పడుకుని ఉన్నా ఒంటికి సుమారు 1700 క్యాలరీలు కావాలి. కుర్చీ ఉద్యోగంతో కలిపితే రెండు వేల పైచిలుకు. అందులోంచి 300 నుంచి 500 దాకా తగ్గించుకుంటే నెలల తరబడి నడపగలరు. మీకిచ్చినది పడుకుని ఉన్న మనిషికి కూడా చాలదు. అలాంటి డైట్‌లో మొదటి వారాల్లో బరువు గబగబా దిగుతుంది. అందులో కొవ్వుతో పాటు నీళ్ళు కూడా ఉంటాయి. కండల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఒక గ్రాము ఖర్చయితే దాన్ని అంటిపెట్టుకున్న మూడు గ్రాముల దాకా నీరు కూడా పోతుంది. తర్వాత ఒంట్లో నీరు అటూ ఇటూ అవుతుంటే ముల్లు రోజుల తరబడి కదలదు. కొవ్వు మాత్రం లోపల కరుగుతూనే ఉంటుంది. మీరు సరిగ్గా ఆ పది రోజుల్లో విరమించారు.

దీనికి మందు తూకం చూసే పద్ధతిలో ఉంది. పొద్దున్నే, దొడ్డికి వెళ్ళొచ్చాక, ఏమీ తినక తాగక ముందు రోజూ తూగి అంకె రాసుకోండి. ఆ అంకెను చూసి సంతోషపడొద్దు, ఏడవొద్దు. ఆదివారం ఏడు అంకెలూ కూడి ఏడుతో భాగించండి. ఉదాహరణకు ఒక వారం ఇలా ఉందనుకోండి: 85.9, 86.6, 85.4, 85.8, 86.3, 85.5, 85.3. సగటు 85.8. సోమవారానికీ మంగళవారానికీ మధ్య 700 గ్రాములు పెరిగినట్టుంది కదా? ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7700 క్యాలరీలు. అంటే ఒక్క రాత్రిలో 700 గ్రాముల కొవ్వు చేరాలంటే రోజూ తినేదానికి పైన ఇంకో 5400 తినాలి. తిన్నారా? లేదు. అది ఉప్పూ, నీళ్ళూ, ఇంకా అరగని తిండీ. వచ్చే వారం సగటు 85.4 అయితే మీరు దారిలో ఉన్నట్టే. వరసగా మూడు వారాలు సగటు కదలకపోతే అప్పుడు మాత్రమే తిండిలో మార్పు గురించి ఆలోచించండి.

గమ్యం సంగతి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ రాబోయే ముందు దశ అంటారు, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్. మీరు గీత ఇవతలే ఉన్నారు. అమెరికాలో ఇలాంటి దశలో ఉన్న మూడు వేల మందికి పైగా మనుషుల మీద జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి శ్రమ. ఈ రెండు లక్ష్యాలు పెట్టుకున్నవాళ్ళలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్ళలో 31 శాతం. మీ విషయంలో 7 శాతం అంటే ఆరు కిలోలు. మీ మనసులో ఉన్న ‘పెళ్ళినాటి 68 కిలోలు’ కాదు, ఎనభై. అక్కడికి చేరాక మిగతాది చూసుకోవచ్చు.

ఆ అధ్యయనంలో మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన సంగతి ఇంకోటుంది. వాళ్ళకూ కోచ్‌లు ఉన్నారు, మొదటి 24 వారాల్లో 16 పాఠాలు చెప్పారు. కాబట్టి మనిషి సాయం తీసుకోవడం తప్పు అనడానికి వీల్లేదు. కానీ ఏం తిన్నదీ, ఎన్ని నిమిషాలు నడిచిందీ రాసుకున్నది ఎవరికి వాళ్ళే. కోచ్ ఆ కాగితం చూసి సలహా చెప్పేవారు. మీ మూడో ప్రయత్నంలో కాగితం కోచ్ దగ్గర ఉంది, మీ దగ్గర లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

డబ్బిచ్చి ట్రైనర్‌ను పెట్టుకోవచ్చు. బరువులెత్తే తీరు నేర్చుకోవడానికి, మోకాలికి తగ్గట్టు కదలికలు మార్చుకోవడానికి ఇది మంచి ఖర్చే. ఆరు నుంచి ఎనిమిది సార్లు నేర్పించుకుంటే చాలామందికి సరిపోతుంది. ఫోన్ చేసి లేపడానికి, తిట్టడానికి పెట్టుకుంటే మాత్రం జీతం ఆగిన రోజున నడకా ఆగుతుంది. డబ్బు కట్టేముందు ఒక ప్రశ్న అడగండి: ‘రెండు నెలల తర్వాత మీరు లేకుండా నేనేం చేయాలో నేర్పుతారా?’ జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

స్నేహితుడితో వెళ్ళొచ్చు. తోడు ఉంటే గంట తెలియకుండా గడుస్తుంది, నిజమే. కాకపోతే అతను రాని రోజున ఏం చేస్తారో ముందే తేల్చుకోండి. ‘ఫోన్ చేసి కనుక్కుంటాను’ అనుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. పావుగంట చూసి ఒంటరిగా బయల్దేరడం అని అనుకోవాలి.

మీ ఆవిడను ఒప్పించడం అన్నది మీ ఉద్దేశంలో కాపలా పెట్టడమే అయితే, వద్దు. భార్య గుర్తుచేస్తే అది సణుగుడు, చేయకపోతే నిర్లక్ష్యం. రెండు వైపులా మాట పడేది ఆవిడే. వంట గురించి మాట్లాడుకోవడం వేరే విషయం, దానికి మళ్ళీ వస్తాను.

నాలుగో దారి, ఇప్పట్లో ఏమీ చేయకుండా మూడు నెలల తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళడం. చాలామంది ఎంచుకునేది ఇదే, పైకి చెప్పుకోరు. ఇంట్లో పెద్ద కష్టమో, ఉద్యోగంలో గండమో నడుస్తుంటే ఇది నేరమేమీ కాదు. కాకపోతే తెలిసి ఎంచుకోండి. ‘ప్రయత్నిస్తున్నాను’ అని నటించకుండా, ‘ఇప్పుడు వల్ల కావడం లేదు, మాత్ర అవసరమా?’ అని డాక్టర్‌నే నేరుగా అడగండి. మాత్ర వేసుకోవడం ఓడిపోవడం కాదు.

ఒంటరిగా ఇంట్లోనే మొదలుపెట్టడం అయిదోది. మీ ఉత్తరం చదివాక నా మొగ్గు దీనివైపే. నచ్చితే పైవాటిలో ఏదైనా దీనికి తోడు చేసుకోవచ్చు. వివరం చెబుతాను.

మొదటి రెండు వారాలు మధ్యాహ్నం, రాత్రి భోజనాల తర్వాత పదేసి నిమిషాల నడక, అంతే. తిన్న వెంటనే నడిస్తే రక్తంలోకి వచ్చే చక్కెరను కాలి కండలు అక్కడికక్కడే లాక్కుంటాయి, దానికి ఇన్సులిన్ సాయం కూడా తక్కువే కావాలి. మీ రిపోర్టుకు ఇది సూటిగా తగిలే చికిత్స. మూడో వారం నుంచి పదిహేనేసి నిమిషాలు. ఎనిమిదో వారానికల్లా వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక. చురుకు ఎంతంటే, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పరుగు జోలికి ఈ మూడు నెలలు పోవద్దు.

నడకలో గానీ మెట్లెక్కేటప్పుడు గానీ ఛాతీలో బిగువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే ఆగి, వెంటనే డాక్టర్‌ను కలవండి. అది వ్యాయామంతో సర్దుకునే వ్యవహారం కాదు.

వారానికి రెండు రోజులు కండలకు పని చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా 150 నుంచి 300 నిమిషాల శ్రమతో పాటు ఈ రెండు రోజుల మాట ఉంది. చాలామంది నడకతో సరిపెట్టి దీన్ని వదిలేస్తారు. బరువు తగ్గేటప్పుడు కండ కూడా కొంత కరుగుతుంది, దాన్ని నిలబెట్టేది ఇదే. ఇంట్లో నాలుగు చాలు: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకో గట్టి బల్లకో చేతులానించి చేసే పుషప్, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం, పుస్తకాలు నింపిన సంచిని ముందుకు వంగి పొట్టవైపు లాగడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు. ఇంకో రెండు చేయగలం అనిపించినప్పుడే ఆపాలి. వరసగా రెండు వ్యాయామం రోజుల్లో పన్నెండేసి వచ్చాయంటే కాస్త కష్టం పెంచే వేళయింది.

కుర్చీది మీ మోకాలికి ముఖ్యం కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం. కదలని కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. మొదట దాని మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచండి, ఎత్తు పెరిగితే మోకాలికి పని తగ్గుతుంది. పాదాలు భుజాలంత దూరంలో పెట్టి, మడమలు నేలకు అదిమి, ముందుకు కాస్త వంగి లేవండి. మోకాలు పాదం వేళ్ళు చూసే వైపే వెళ్ళాలి, లోపలికి పడిపోకూడదు. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. మొక్కజొన్న బస్తా పడేసినట్టు దభీమని కూలబడితే లాభం సగం పోతుంది, ఎందుకంటే దిగేటప్పుడు కూడా కండ గట్టిపడుతుంది. పదికి మూడు మార్కుల లోపు నొప్పి ఉండి, మర్నాటి పొద్దుటికి సర్దుకుంటే కొనసాగించవచ్చు. అంతకు మించితే ఎత్తు పెంచండి లేదా సంఖ్య తగ్గించండి. మోకాలు వాచినా, పట్టేసినా, బరువు పెడితే జారిపోతున్నట్టున్నా డాక్టర్‌కు చూపించాల్సిందే.

తిండి. మూడు మార్గాలున్నాయి. మీకు విడిగా వండించుకోవడం వారం పదిరోజులు నడుస్తుంది, వండేవాళ్ళకు పని పెరిగి ఆగిపోతుంది. ఇంటిల్లిపాదికీ వంట మార్చడం ఎక్కువకాలం నిలుస్తుంది, కానీ పిల్లలకూ పెద్దవాళ్ళకూ కావలసింది వేరు, అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి, టైమ్ పడుతుంది. మూడోది, వంట అదే, కంచం వేరు. రేపటి నుంచే, ఎవరి అనుమతీ లేకుండా చేయగలిగేది ఇదొక్కటే. కంచంలో సగం కూరగాయలు, పావు మాంసకృత్తులు, పావు పిండిపదార్థం. వడ్డించుకునేది మీరే అయి ఉండాలి. మాంసకృత్తులు రోజుకు 85 నుంచి 100 గ్రాములు చూసుకోండి, కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినంతే. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసుడు పాలలో ఆరేడు, వంద గ్రాముల ఉడికిన పప్పులో ఏడు నుంచి తొమ్మిది. కాబట్టి ఏదో ఒక్క పూట తింటే సరిపోదని తెలుస్తూనే ఉంది. పెద్ద చెంచా నూనె 120 క్యాలరీలు. మీ అరగంట నడక ఖర్చు చేసేది నూటయాభైకి అటూ ఇటూ. బరువు దిగేది ఎక్కువగా కంచం వల్ల, షుగర్, గుండె బాగుపడేది నడక వల్ల కూడా. ఈ రెంటినీ కలిపేసి ‘నడిచాను కదా’ అని ఇంకో గరిటె వేసుకోవడం దగ్గర చాలామంది లెక్క తప్పుతుంది.

ఇక ఆ కాగితం. ఒకే ఒక్క కాగితం, మీ చేతిరాతతో, మీరు రోజూ చూసే చోట. దాని మీద బరువు, నడిచిన నిమిషాలు, కండల వ్యాయామం రోజులు, నెలకోసారి నడుము కొలత, తర్వాతి రక్తపరీక్ష తేదీ. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల కథ చెబుతుంది. నెలకోసారి చేయించి కంగారుపడటం దండగ. ఆ అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే మీరే పెట్టుకోండి. బీపీ ఒక్కసారి చూసిన అంకె మీద తీర్పు చెప్పలేం. ఇంట్లో అయిదు నిమిషాలు వీపు ఆనించి మాట్లాడకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చొప్పున వారం రోజులు పొద్దునా సాయంత్రం చూసి, ఆ అంకెలు డాక్టర్‌కు ఇవ్వండి. ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే మాట్లాడాల్సిన విషయమే.

కాగితం కింద ఒక వాక్యం రాయండి: ‘రాత్రి నా కంచం కడగ్గానే చెప్పులేసుకుని బయటికి వెళ్తాను. వాన పడితే మెట్లు.’ ‘రోజూ నడవాలి’ కంటే ఇది బలంగా పనిచేస్తుంది. ఎప్పుడన్నది మీరు తలుచుకోనక్కర్లేదు, కంచం కడగడమే గుర్తుచేస్తుంది. అలవాటు ఎన్ని రోజుల్లో కుదురుతుందో లండన్‌లో 96 మందిని గమనించిన అధ్యయనంలో ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని తేలింది, మధ్యస్థం 66. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు కుదురుతుందన్న మాట మర్చిపోండి. మధ్యలో ఒక రోజు తప్పితే చెడిందేమీ లేదని కూడా అందులోనే తేలింది. ఒక రోజు పోతే పోనివ్వండి, రెండో రోజు మాత్రం అయిదు నిమిషాలైనా సరే చెప్పులేసుకోండి.

మీ ఆవిడతో మాట. బరువు గురించి కాకుండా, ముందు ఆ రోజు అన్నదాని గురించి మాట్లాడండి. ‘రిపోర్టు చూసి భయపడి నీ మీద నెట్టాను. అలా అనకుండా ఉండాల్సింది’ అంటే చాలు, వివరణలు వద్దు. తర్వాత, ‘ఇకనుంచి నాకు గుర్తుచేయాల్సిన పని లేదు, కాగితం నేనే చూసుకుంటాను’ అని చెప్పండి. ఆవిడ నమ్మకపోవచ్చు. మూడు ప్రయత్నాలు చూసిన మనిషి, నమ్మాల్సిన అవసరం లేదు కూడా. నూనె తగ్గించమని అడగాలంటే నెల ఆగి అడగండి. ఆ నెలా కూరగాయలు తేవడం, తరగడం మీరు అందుకోండి. అప్పుడు ఆ అడగడం ఫిర్యాదులా వినబడదు.

స్మార్ట్‌వాచ్ ఇప్పుడే వద్దు. అడుగులు ఫోన్ కూడా లెక్కపెడుతుంది. ఎన్ని క్యాలరీలు కరిగాయో వాచీ చూపించే అంకె నమ్మదగింది కాదు, దాన్ని చూసి తింటే మోసపోతారు. పదివేల అడుగులన్న లక్ష్యం కూడా 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరులోంచి వచ్చింది. కాగితాన్ని ఆరు వారాలు నింపండి. అప్పటికీ కావాలనిపిస్తే చవకది ఏదైనా ఒకటే, పట్టీ తేలిగ్గా మార్చుకోగలిగింది చూసుకోండి. చెమటకు ముందు పాడయ్యేది అదే.